రెండో గుప్పెడు

జీవమ్మ కుండలోకి చిప్ప ముంచింది. జొన్నలతో నిండిన కొబ్బరిచిప్ప పైకి వస్తుండగా ఆమె బొటనవేలు అంచు మీద ఒకసారి నడిచి, ఎక్కువైన గింజలను మళ్లీ కుండలోకే నెట్టేసింది. అది కొడుకు మత్తయి చిప్ప. రెండోది కోడలు హన్నమ్మది. దాని మీద బొటనవేలు నడవలేదు. చంటిబిడ్డకు పాలిచ్చే పిల్ల కాబట్టి దాని చిప్ప మీద గింజలు గోపురం కట్టాల్సిందే. మూడోది తనది. అది ఏ రోజూ అంచుదాకా రాదు. ఈ వయసులో కడుపుకు ఎంత కావాలి అని తనకు తానే నచ్చచెప్పుకుని, ఎవరైనా చూస్తారేమోనన్నట్టు కొంచెం తొందరగా ఆ చిప్పను చేటలో బోర్లించింది.

హన్నమ్మ మొహం తుడుచుకుంటూ వచ్చి చేటలోంచి ఒక గుప్పెడు జొన్నలు తీసింది. వంటకు కొలిచిన గింజల్లోంచి ముందుగా దేవుడికి ఒక గుప్పెడు తీసిపెట్టడం వాళ్ల ఇళ్లలో తల్లుల నాటినుంచి ఉన్నదే. నెలకొకసారి ఆ గింజలను ఆదివారం ప్రార్థనలు జరిగే గుడికి తీసుకుపోయి అప్పజెబుతారు. పెట్టె వెనక చీకటి మూలలో ఉంటుంది ఆ కుండ. అందులో గింజలు రాలిన చప్పుడు జీవమ్మకు వినిపించింది. హన్నమ్మ తిరిగి వచ్చి, వంగి, ఇంకో గుప్పెడు తీసింది.

జీవమ్మ పళ్లు బిగించింది. తను కొడుకు ఇంటికి వచ్చి నెల కావస్తోంది, రోజూ ఇదే వరస. దేవుడికి ఒక గుప్పెడు చాలదా? నంద్యాలలో ఒక గుప్పెడుతో సరిపెట్టుకునే దేవుడు ఆళ్లగడ్డకు వచ్చేసరికి రెండు గుప్పిళ్లు తింటాడా? ఇంటి లెక్క ఇంత కచ్చితంగా నడుస్తుంటే ఈ పిల్లకు ఇంత భక్తి ఎక్కడినుంచి వచ్చిపడింది? కానీ దేవుడి వాటాలో వేలు పెట్టడానికి ఆమెకు నోరు రాలేదు. తిరగలి ముందు కాళ్లు చాపుకుని కూర్చుని, ఆ కోపమంతా తిరగలి పిడి మీద చూపించింది.

జీవమ్మ సన్నటి మనిషి. మోచేతుల దగ్గర ఎముకలు కనిపిస్తాయి గాని చేతుల్లో బలం మాత్రం ఎక్కడికీ పోలేదు. నంద్యాలలో పత్తి మిల్లులో గింజను దూది నుంచి వేరుచేసే జిన్ను ముందు నిలబడి పత్తి అందించే పని ఆమెది. ఇన్నేళ్ల యంత్రాల మోతకు ఎడమ చెవి మందగించింది. గొంతులో పత్తిదుమ్ము చేరి, మాట మొదలుపెట్టే ముందు ఒక పొడిదగ్గు వస్తుంది. ఎంత దువ్వినా చెవుల పక్కన జుట్టులో ఏదో ఒక దూదిపింజ మిగిలి ఉంటుంది. మిల్లులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. మూడో జిన్ను ఆడమనిషి అంటే చాలు, అందరికీ తెలుస్తుంది.

ఆ చిప్ప కూడా మిల్లుదే. ఏటా పత్తి సీజను మొదలయ్యేరోజు కొబ్బరికాయ కొట్టి జిన్నులు తిప్పుతారు. ఆమె పనిలో చేరిన మొదటి ఏడు మేస్త్రీ ఆమె చేతిలో ఒక చిప్ప పెట్టాడు. కొబ్బరి కొడుక్కి తినిపించి, చిప్పను గచ్చు మీద అరగదీసి దాచుకుంది. సీజను నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ శనివారం శనివారం బట్వాడా. శనివారం సాయంత్రం దుడ్లు చేతికొస్తే ఆదివారం మాంసం, సోమవారం పప్పు, గురువారానికి గంజి, మళ్లీ శనివారం. మూటలు మోసే ఆమె మొగుడు ఏసన్న బతికినన్నాళ్లూ అదే తాళం మీద బతికాడు. సీజను అయిపోయి వానలు పడేనాటికి ఆ ఇంట్లో పొయ్యి రాజేయడమే గొప్ప. అప్పుడు పట్టుకుంది జీవమ్మ ఆ చిప్పను. ఏసన్న పోయాక కూడా వదల్లేదు. పిల్లవాడు ఆకలితో ఏడ్చిన రోజుల్లో సైతం మూలనున్న దేవుడి కుండలో మాత్రం ఆమె చెయ్యి పడలేదు. ఆ ఒక్క విషయంలో జీవమ్మకు తన మీద తనకు గర్వం.

అందుకే మత్తయికి ఆళ్లగడ్డ దగ్గర కాలవ మీద లస్కరు పని ఖాయమైందని విన్నప్పుడు ఆమె మిల్లు గేటు దగ్గర నిలబడి ఏడ్చింది. గట్టు వెంబడి తిరగడం, తూములు ఎత్తడం దించడం, గండి పడకుండా చూసుకోవడం. పనికేం, కష్టమే. కానీ నెల జీతం. వాన వచ్చినా జీతమే, ఎండ కాసినా జీతమే. తన వంశంలో నెల జీతం తిన్న మొదటి మనిషి తన కడుపున పుట్టాడని ఆమె మురిసిపోయింది.

మత్తయి ఆ మురిపెం ఎక్కువ రోజులు మిగల్చలేదు. జీతం నలభై రూపాయల చిల్లర. పుట్టినప్పటినుంచి వారం బట్వాడాలు చూసిన వాడి చేతిలో ఒకేసారి అంత డబ్బు పడేసరికి, వాడు దాన్ని నెల జీతంగా చూడలేదు, పెద్ద వారంగా చూశాడు. శనివారం వచ్చినట్టే మాంసం తెచ్చాడు. భార్యకు చీర తీశాడు, బాకీ అడిగిన వాళ్లకు ఇచ్చాడు, అడగనివాళ్లకూ ఇచ్చాడు. వారం తిరిగేసరికి అలవాటు చొప్పున ఇంకో బట్వాడా కోసం ఎదురుచూశాడు. అది రాలేదు. పక్షం తిరక్కముందే అంగట్లో శెట్టి దగ్గర అప్పు మొదలైంది. రెండో నెల మొగుడూ పెళ్లాలు కూర్చుని ఒట్లు పెట్టుకున్నారు. బీడీ లేదు, టీ లేదు, పూలు లేవు, చుట్టాలు లేరు. దేవదూతలైతే ఆ లెక్క మీద హాయిగా బతికేవాళ్లు. వీళ్లకు రెక్కలు లేవు కాబట్టి మొదటి సంతరోజునే ఒట్టు తీసి గట్టు మీద పెట్టారు. మూడో నెల హన్నమ్మ పుట్టింటికి జొన్నలు పంపమని కబురు చేసింది. మత్తయి, ఈ నెల జీతం తనకు అచ్చిరావడం లేదని, మళ్లీ మిల్లుకొచ్చి మూటలు మోస్తానని తల్లికి కబురు చేశాడు.

ఆ కబురు అందిన మర్నాడే జీవమ్మ చిప్పను చీరకొంగులో మూటగట్టుకుని బస్సెక్కింది. సీజను మొదలవడానికి ఇంకా నెల ఉంది. "ఈ ఒక్క నెలా నా చేతికియ్యి నాయనా," అంది కొడుకుతో. "అప్పు లేకుండా ఈ నెల గట్టెక్కితే నువ్వు కాలవ మీదనే ఉండాల. ఎక్కకపోతే నేనే నిన్ను మేస్త్రీ దగ్గరికి పిలుచుకపోతా."

జీతం వచ్చిన రోజున చాప పరిచి, డబ్బును దాని మీద పోయించింది. ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ముందు బీడీలకు తియ్యి," అంది.

మత్తయి సిగ్గుపడ్డాడు. "మానేస్తానంటి కదమ్మా."

"నువ్వు మానవు. మానేసినట్టు లెక్కేసుకుంటే మొదటి బీడీ ముట్టిచ్చంగానే లెక్కంతా అబద్ధమైపోతాది. ఎట్లా అబద్ధమే గదా అని మిగతాది గూడా తగలేస్తావ్. తియ్యి. ఆ పక్కన దానికి పూలకు పెట్టు."

హన్నమ్మ తల వంచుకుని నవ్వింది. బీడీలు, పూలు, టీ అయ్యాక బాడుగ. తర్వాత శెట్టి పాతబాకీలో కొంత, గుడి చందా. మిగిలిన డబ్బు ఇంట్లో తెల్లవారనివ్వలేదు. అదే పూట సంతకు నడిపించి, జొన్నల మూట, కందిబేడలు, మిరపకాయలు, చింతపండు, ఉప్పు, కిరసనాయిలు, అన్నీ నెలకు సరిపడా కొనిపించింది. డబ్బు చేతిలో ఉంటే మత్తయికి శనివారం గుర్తుకొస్తుందని ఆమె భయం. జొన్నలు కుండలో ఉంటే వాటిని చూసి ఎవడికీ ఏ వారమూ గుర్తుకు రాదు. జొన్నల్లోనే కొన్ని వేరే కుండలో పోసి, చుట్టాల కుండ అని పేరు పెట్టింది. చుట్టాలు రారనుకోవడం కూడా బీడీలు మానేస్తాననుకోవడం లాంటిదే అని ఆమె అభిప్రాయం.

అలా నెల నడిచింది. ఈరోజు ఆఖరి రోజు. రేపు పొద్దున జీతం. రేపే నంద్యాలలో జిన్నులు కూడా తిరుగుతాయి. అక్కడ లేకపోతే మూడో జిన్ను ముందు ఇంకెవరో నిలబడతారు. సాయంత్రం బస్సుకు పోవాలని బస్సు చార్జీ కొంగున ముడేసుకుని ఉంది జీవమ్మ. రేపటి జీతం చేతికొచ్చేటప్పుడు తను ఇక్కడ ఉండకపోవడమే మంచిదని కూడా ఆమె అనుకుంది. చాప పరిచేది హన్నమ్మ కావాలి. పెద్ద కుండ అడుగున ఈ రాత్రికీ, రేపటి పొద్దుటికీ సరిపోయే జొన్నలున్నాయి. గట్టెక్కినట్టే. పిండి ఎత్తుతూ ఆమె నెల మొదలైనప్పటినుంచి మొదటిసారి, తనకే వినిపించనంత మెల్లగా, కీర్తన ఒకటి అందుకుంది.

కీర్తన రెండో చరణంలో ఉండగా ఇంటి ముందు ఎద్దులబండి ఆగింది.

దిగినవాడు మోషే. జీవమ్మకు అన్న, హన్నమ్మకు తండ్రి. గోస్పాడులో రెడ్డి దగ్గర సేద్యంలో ఉన్నాడు. మనిషి తలుపు నిండా ఉంటాడు. ఎంత తింటాడో చుట్టుపక్కల కల్లాల్లో అందరికీ తెలుసు. వెనక బండి తోలే ఓబయ్య, అతనూ తక్కువవాడేం కాదు.

"ఏం జీవా, బాగుండావా? రెడ్డికి నంద్యాల ఇంట్లోకి రుబ్బురోలు కావాలంట. ఈడ రాయి బాగుంటాదని పంపిచ్చినాడు. బండికెత్తుకున్నాం. పాపను చూసి పోదామని వచ్చినా," అన్నాడు మోషే. కూతుర్ని ఇప్పటికీ పాప అనే అంటాడు.

అంటూనే అతని కళ్లు ఇల్లంతా తిరిగాయి. ఉట్టి, పొయ్యి, కుండలు, ఆఖరికి కూతురు చేతులు. గాజులు మణికట్టు దగ్గర వదులుగా ఉన్నాయా, బిగుతుగా ఉన్నాయా అని చూస్తున్నాడని జీవమ్మకు తెలిసిపోయింది. రాయి కోసం వచ్చిన మనిషి చూపు కాదు అది. జొన్నలు పంపమని కూతురు చేసిన కబురు అతని గుండెల్లో దిగబడిపోయింది. కొత్త పంట ఇంకా కల్లానికి చేరలేదు. పంపడానికి అతని దగ్గర గింజ లేదు. ఉత్త చేతులతో వచ్చి చూసుకోవడం ఒక్కటే అతను చేయగలిగింది.

"ఇంకొక మాట," అన్నాడు అరుగు మీద చతికిలబడి. "మేస్త్రీ సుబ్బరాయుడు అడగమన్నాడు. మూటలు మోసేదానికి మత్తయి వస్తాడా రాడా, తెల్లారేసరికి చెప్పాలంట. లేకుంటే ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు. నన్నడిగితే రావడమే మేలు జీవా. నంద్యాలలో ఉంటే పాప నా కంటి ముందర ఉంటాది. ఈడ ఏందీ, నెలకొక దినం తిని ఇరవై తొమ్మిది దినాలు పస్తులంట."

"వాడొచ్చినాక వాణ్ణే అడుగు. కాళ్లు కడుక్కో అన్నా, తిని పోదురు," అంది జీవమ్మ. ఆ మాట నోట్లోంచి ఏ తడబాటూ లేకుండానే వచ్చింది. లోపలికి నాలుగడుగులు వేసేసరికి కాళ్లు ఆగిపోయాయి.

చుట్టాల కుండ ఖాళీ. నెల మొదట్లో గుడిలో వాక్యం చెప్పే ఉపదేశిగారు ప్రార్థనకు వచ్చి, వెంట కీర్తనలు పాడేవాళ్లందరినీ తీసుకొచ్చారు. వాళ్లు బాగా పాడారు, అంతకంటే బాగా తిన్నారు. ఆ కుండను అప్పుడే కడిగి బోర్లించింది. పెద్ద కుండలో ఉన్నది ఇంటివాళ్లకే. అందులోంచి పెడితే మోషేకు సగం కడుపు, రేపు పొద్దున బిడ్డతల్లికి గంజి కూడా ఉండదు. పెట్టకపోతే, అన్న ఆ సగం కడుపును నంద్యాల దాకా మోసుకుపోతాడు. కూతురు పస్తులుంటోందని నమ్ముతాడు. మత్తయిని లాక్కుపోతాడు. శెట్టి అంగడి రెండిళ్ల అవతలే ఉంది. ఒక చేట జొన్నలు అప్పు. రేపే తీర్చేయొచ్చు. కానీ మాటంటే మాటే. అప్పు లేకుండా అని తనే అంది. ఒక్క పూట తేడాతో నెల ఓడిపోతుంది.

జీవమ్మ పెట్టె వైపు చూసింది. పెట్టె వెనక చీకటి మూల. రోజుకు రెండు గుప్పిళ్లు. ఈపాటికి చాలా చేరి ఉంటాయి. దేవుడు ఈ ఒక్క పూటకు ఏమనుకోడేమో. రేపు జీతం రాగానే అంతకు అంత పోసేయొచ్చు. ఏసన్న జ్వరంతో పడుకున్న ఏడు కూడా తను చేయని పని అది. ఆమె మూల దగ్గరికి వెళ్లి నిలబడింది. చెయ్యి ముందుకు సాగలేదు, కాళ్లు వెనక్కి రాలేదు. గొంతులో దుమ్ము కదిలి దగ్గు తెర పట్టుకుంది.

"ఏందత్తా?" హన్నమ్మ బిడ్డను చంకనేసుకుని వెనక నిలబడి ఉంది.

"ఏం ల్యా. మీ నాయనకు పెట్టాల గదా. శెట్టి దగ్గరికి పోవాలంటే నాకు మనసొప్పలా. దేవుడి కుండలో చెయ్యి పెట్టాలంటే అంతకంటే ఒప్పలా," అంది జీవమ్మ. దాచడానికి ఆమెకు ఓపిక లేకపోయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

హన్నమ్మ బిడ్డను అత్త చేతికిచ్చి, పెట్టె వెనక్కి వంగి ఒక కుండను వెలుగులోకి లాగింది. తర్వాత ఇంకోదాన్ని లాగింది. మొదటిది దేవుడిది, దాని మూతకు తెల్లగుడ్డ కట్టి ఉంది. రెండోది మూతి విరిగిన పాత నీళ్ల కుండ. అందులో పావువంతు కంటే ఎక్కువగానే జొన్నలున్నాయి.

"ఇది గుడిది గాదత్తా. నీది."

జీవమ్మకు అర్థం కాలేదు. మంచి చెవిని కోడలి వైపు తిప్పింది.

"దేవునికొక గుప్పెడు, నీకొక గుప్పెడు. నువ్వొచ్చిన మరుసటి దినం నుంచే తీస్తాండా. నువ్వు నంద్యాలకు పోయినాక మొదటి బట్వాడా దాకా ఏం తింటావ్? అందరికీ కుండ పెడితివి. బీడీలకు పెడితివి, పూలకు పెడితివి, చుట్టాలకు పెడితివి. లెక్కలో నువ్వు యాడుండావ్?"

"నీ కడుపు మాడ్చుకుని తీసినావా? పాలిచ్చేదానివి..."

"నా కడుపు ఏం మాడలా. నాకు గోపురం పోసి నువ్వు సగం చిప్ప పోసుకుంటాండావని చూడలేదనుకున్నావా? ఆ గోపురమే తీసినా. నీ గింజలే నీ కుండలో పోసినా."

జీవమ్మ బిడ్డను రొమ్ముకు అదుముకుంది. నెల రోజులు తను పళ్లు బిగించి చూసిన ఆ రెండో గుప్పెడు. ఒకపక్క తనకే తెలియకుండా ఇంత దాచినందుకు కోడల్ని తిట్టాలనిపించింది. ఇంకోపక్క ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఎందుకంటే ఇన్నేళ్లుగా చిప్ప పట్టిన తన కళ్లెదుటే, తన కొలతలోంచే, తనకు తెలియకుండా కూడబెట్టగలిగిన పిల్లకు ఇక నేర్పాల్సింది ఏముంది? ఇల్లు నిలబడిపోయింది. మత్తయి ఎంత పెద్ద శనివారం చేసినా ఈ పిల్ల ముందు చెల్లదు.

"పొయ్యి రాజెయ్యి, నేను విసురుతా," అంది. బిడ్డను చాప మీద పడుకోబెట్టి తిరగలి ముందు కూర్చుంది.

తిరగలి మళ్లీ తిరిగింది. పొద్దున కోపంతో తిప్పిన చేతులు ఇప్పుడు పాట మీద తిప్పాయి. హన్నమ్మ పెరట్లో గోంగూర కోసుకొచ్చి, అడుగున మిగిలిన బేడలతో కలిపి ఎనిపింది. వేరుసెనగ గింజలు నాలుగు వేయించి ఎండుమిరపకాయలతో నూరింది. పిండి తడిపి, అరచేతుల మధ్య తట్టి, ఒక్కొక్క రొట్టెనూ పెనం మీద వేస్తుంటే దాని చేతిగాజుల చప్పుడు అరుగు మీదకు వినబడుతోంది. మోషే మాటలాపి ఆ చప్పుడే విన్నాడు. గాజులు చిక్కిన చేతుల మీద జారే చప్పుడు కాదది.

రొట్టెలు సగమయ్యేసరికి మత్తయి వచ్చాడు. ఖాకీ చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. కాళ్లకు కాలవ బురద. అతను గుమ్మంలో నిలబడి మామకు దండం పెట్టాడు. లోపలికి వచ్చి తల్లి పక్కన కూర్చుని, మాట తగ్గించి చెప్పాడు.

"గట్టు మీది నుంచే బండి చూసినా. ఆఖరి దినం, ఇద్దరు మనుషులు. ఇంకేముంది, శెట్టి దగ్గరికి పొయ్యే ఉంటారనుకున్నా. దోవలోనే అంగడికి పోయి అడిగినా."

"ఏమన్నాడు?"

"మీ ఇంటోళ్లు ఈ నెలంతా నా మొహం గూడా చూళ్లేదప్పా, కోపమొచ్చిందా అని అడిగినాడు."

జీవమ్మ నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గుతూనే నవ్వింది. మత్తయి తల్లి మొహం చూసి, రొట్టెలు కాలుస్తున్న భార్య వీపు చూసి, ఏదో పెద్ద విషయం తను లేనప్పుడు జరిగిపోయిందని మాత్రం గ్రహించి, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

మగవాళ్లు ముగ్గురూ కూర్చున్నారు. మోషే మొదటి రొట్టెను అనుమానంతో తిన్నాడు, రెండోదాన్ని ఆకలితో తిన్నాడు. మూడోదాన్ని అడిగి వేయించుకున్నాడు. ఆ తర్వాత వేళ్లు నాకుతూ కూతుర్ని చూశాడు.

"ఇంగొకటి ఉంటాదా పాపా? ల్యాకపోతే వద్దులే."

అది పరీక్ష అని జీవమ్మకు తెలుసు. లేని ఇంట్లో ఆడమనిషి ఆ మాట వినగానే బుట్టలోకి తొంగిచూస్తుంది. తను ఎన్నేళ్లు అలా తొంగిచూసిందో ఆమెకే తెలుసు. హన్నమ్మ బుట్ట వైపు చూడలేదు. చూపు తండ్రి మొహం మీదనే ఉంచి, చెయ్యి వెనక్కి పోనిచ్చి, రెండు రొట్టెలు తీసి ఒకటి తండ్రి పళ్లెంలో, ఒకటి ఓబయ్య పళ్లెంలో వేసింది. పైన కూర వేసింది.

"తిను నాయనా. బండి మీద దూరం పోవాల."

మోషే తలొంచుకుని తిన్నాడు. ఆ రొట్టె మాత్రం చాలా మెల్లగా తిన్నాడు. తిన్నాక ఉత్తరీయంతో మూతి తుడుచుకుని, కళ్లు కూడా తుడుచుకుని, గోంగూర కారమెక్కువైందన్నాడు. 

"మేస్త్రీకి ఏం చెప్పమంటావ్ మత్తయీ?"

మత్తయి పెళ్లాం వైపు చూశాడు. "రానని చెప్పు మామా. కాలవ పని వదిలేది ల్యా. నెలకు ముప్పై దినాలు తింటాండాం."

"చూస్తి కదా," అన్నాడు మోషే. ఆ మాటను ఇంకోసారి, ఈసారి తనకు తానే చెప్పుకుంటున్నట్టు, "చూస్తి కదా," అన్నాడు. లేచి కూతురు తల మీద చెయ్యి పెట్టి కొంచెంసేపు తీయలేదు. జీవమ్మకు ఆ క్షణంలో తన జీవితంలోని వానాకాలాలన్నీ ఒక్కసారిగా వెనక్కి పోయినట్టనిపించింది. తను గెలిచింది. ఏసన్న ఉంటే బాగుండేది, ఉంటే రేపు పండగని చెప్పి మాంసానికి పోయేవాడు, అయినా ఉంటే బాగుండేది.

సాయంత్రం బస్సుకు టైమవుతోందని మత్తయి అంటుండగా ఓబయ్య ఎద్దులకు నీళ్లు పెడుతూ నవ్వాడు. "బస్సెందుకమ్మా? బండి నంద్యాలకే గదా పొయ్యేది. రోలు పక్కన గడ్డేస్తా, పడుకోని రా. తెల్లారేసరికి మిల్లు గేటు కాడ దించుతా."

చుట్టాలు ఖర్చు లెక్కలోకే వస్తారని జీవమ్మ ఇన్నాళ్లూ అనుకునేది. ఆమె కొంగుముడి విప్పి, బస్సు చార్జీకి దాచిన డబ్బు తీసి, బోర్లించి ఉన్న చుట్టాల కుండను తిప్పి అందులో వేసింది. "వచ్చే నెల ఉపదేశిగారొస్తే అక్కరకొస్తాది," అంది. హన్నమ్మ, మూతి విరిగిన కుండలో మిగిలిన జొన్నలను గుడ్డలో పోసి, మూట కట్టి అత్త చేతిలో పెట్టింది. జీవమ్మ వద్దనలేదు. మొదటి బట్వాడా దాకా సరిపోతాయని చేత్తో బరువు చూసే తెలుసుకుంది.

హన్నమ్మ పొయ్యి దగ్గరకు పోయి చిప్ప తెచ్చి, మూట పక్కన పెట్టబోయింది. జీవమ్మ దాని చెయ్యి పట్టుకుంది.

"అది నాకెందుకే. ఒక్కదానికి చిప్పతో ఏం పని? గుప్పెడు పోసుకుంటే చాలు. రేపెట్లా మిల్లులో కాయ కొడతారు. కావాలంటే ఇంగొకటి వస్తాది." చిప్ప అంచు తడిమి, "బొటనవేలు మాత్రం నీదే పెట్టు. నాది పెట్టొద్దు," అంది.

హన్నమ్మకు ఏడుపొచ్చింది. బిడ్డకు ముద్దు పెట్టి, మత్తయి తల నిమిరి, జీవమ్మ బండెక్కింది. కొత్త రోలు చల్లగా తగిలింది. శిల్పులుండే వీధి దాటుతుంటే ఇంకా ఉలుల చప్పుడు వినిపిస్తోంది. అది కూడా దాటాక సిరివెళ్ల దారి. పక్కన కాలవ, కొడుకు కాపలా కాసే కాలవ, నీళ్లతో నిండుగా నడుస్తోంది. జీవమ్మ జొన్నల మూట తల కింద పెట్టుకుని పడుకుంది. చెవుల పక్కన జుట్టులో నెల రోజులుగా దూదిపింజ లేదు. రేపటినుంచి మళ్లీ ఉంటుంది. ఉండనీ అనుకుంది. పొద్దున ఆపేసిన కీర్తన మూడో చరణం గుర్తుకొచ్చి, ముందు కూర్చున్న అన్నకు వినిపించేలా పైకే పాడింది.

మర్నాడు జీతం వచ్చింది. హన్నమ్మ చాప పరిచి, ముందు బీడీలకు తియ్యమంది. సంతనుంచి తెచ్చిన కొత్త జొన్నలు పోశాక, కుండ మూత మీద చిప్పను బోర్లించింది. ఇన్నేళ్ల బొటనవేలు నడిచి నడిచి అంచు ఒకచోట సన్నగా అరిగిపోయిన చిప్ప అది, నల్లగా, నున్నగా, వాకిట్లోంచి వచ్చే ఎండలో మెరుస్తూ.